వార్డు డ్యూటీ వదిలేస్తే బీఎస్సీ నర్సింగ్‌తో ఇంకేం చేయొచ్చు? చేసినవాళ్లే చెప్పండి

బుచ్చి నర్సు:

అందరికీ నమస్కారం. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. 2023లో బీఎస్సీ నర్సింగ్ పూర్తయింది. రిజిస్ట్రేషన్ చేయించుకుని నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో చేరాను. ఇప్పటికి ఏడాది ఎనిమిది నెలలు.

పనికి భయపడే దాన్ని కాను. కానీ నెలలో పదిహేను రాత్రులు, రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా. డ్యూటీ దిగి ఆత్మకూరు బస్టాండ్‌లో బస్సెక్కితే సీట్లో కూర్చున్న నిమిషానికే నిద్ర పట్టేస్తుంది. బుచ్చి వచ్చినాక కండక్టరే లేపుతాడు. రెండు తూర్లు ఎవరూ లేపక సంగం దాకా పోయి వెనక్కి వచ్చాను.

పోయిన నెల ఒక తాత చనిపోయాడు. 19 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. నా డ్యూటీ ఉన్న ప్రతి రాత్రీ రెండు గంటలకోసారి పక్క మార్చాను. వీపు మీద ఒక్క పుండు పడనీలేదు. ఆయన పోయిన ఇరవై నిమిషాలకు బెడ్ రెడీ చేయమన్నారు. చేశాను. ఏడుపు రాలేదు. ఇంటికి పోయినాక అది గుర్తొచ్చి నా మీద నాకే భయమేసింది.

జీతం 17 వేలు. చదువుకు చేసిన అప్పు ఇంకా లక్షా నలభై వేలుంది, అందుకని ఊరికే ఇంట్లో కూర్చోలేను. అమ్మ పెళ్లి చేసుకోమంటుంది. మామయ్య జర్మనీ పొమ్మంటాడు. క్లాస్‌మేట్ ఒకమ్మాయి మెడికల్ కోడింగ్‌లో చేరి, నువ్వూ రా అంటోంది. నాయన ఏమీ అనడు, నేను పొద్దున వచ్చేసరికి అన్నం వండి పెట్టి పొలం పోతాడు.

నాకు నర్సుగానే ఉండాలని ఉంది. ఆ ఐసీయూ మాత్రం ఇక నా వల్ల కాదు. ఆస్పత్రి బయట పని చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, రోజంతా ఏం చేస్తారో, ఎంత వస్తుందో, ఎట్ట చేరారో చెప్పండి. ఇంకో మాట, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆస్పత్రి వాళ్ల దగ్గరే ఉన్నాయి. వచ్చే నెల ఒకటో తారీఖు రాజీనామా ఇద్దామని అనుకుంటున్నాను.


కావలి టు చెన్నై:

చెల్లీ, నేనూ నర్సింగే. మాది కావలి. మూడేళ్లుగా చెన్నైలో మెడికల్ కోడింగ్ చేస్తున్నా. మీ ఫ్రెండ్ చెప్పనిది ఏమైనా ఉంటే అది చెప్తాను.

పని ఇది. అమెరికాలో డాక్టరు రాసిన నోట్సు మన స్క్రీన్ మీదికి వస్తుంది. దాన్ని చదివి జబ్బుకు ఐసీడీ-10-సీఎం కోడు, చేసిన ప్రొసీజరుకు సీపీటీ కోడు వేయాలి. అక్కడి ఇన్సూరెన్సు కంపెనీ వాటిని చూసే డబ్బు కడుతుంది. నర్సింగ్ చదివినవాళ్లకు అనాటమీ, మందుల పేర్లు ముందే తెలుసు కాబట్టి మొదటి రెండు నెలలు మిగతావాళ్లకంటే తేలిగ్గా ఉంటుంది. తర్వాత ఒక చిక్కు వస్తుంది. రిపోర్టులో క్రియాటినిన్ చూడగానే కిడ్నీ దెబ్బతిందని మనకు అర్థమైపోతుంది, కానీ డాక్టరు తన నోట్సులో ఆ మాట రాయకపోతే కోడు వేయకూడదు. షుగరుతో పాటు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని డాక్టరు రాస్తే E11.22 అనే కోడుకు తోడుగా ఏ స్టేజో చెప్పే N18 కోడు పడుతుంది. రాయకపోతే పడదు. మన తెలివితో ఖాళీలు పూరించడం అక్కడ తప్పు కింద లెక్క. ఆ అలవాటు మానుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

సీపీసీ అని కోడింగ్ చేసేవాళ్లకు ఒక సర్టిఫికెట్ ఉంది, అది ఉంటే జీతం త్వరగా పెరుగుతుంది. దాని పరీక్షకు 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం రావాలి. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి పెద్ద ఫీజు అడిగే ఇన్‌స్టిట్యూట్ కంటే, ఫ్రెషర్లను తీసుకుని వాళ్లే ట్రైనింగ్ ఇచ్చే కంపెనీ ముందు వెతుక్కో. నేను 18 వేలకు చేరాను, ఇప్పుడు 41 వేలు వస్తోంది. రోజుకు ఇన్ని చార్టులని టార్గెట్ ఉంటుంది, వాటిలో తప్పుల శాతం కూడా చూస్తారు.

మా ఇంటామె కూడా బీఎస్సీ నర్సింగే. ఆమె టీపీఏలో, అంటే ఇన్సూరెన్సు కంపెనీల తరఫున పనిచేసే సంస్థలో, క్లెయిములు చూస్తుంది. కేస్ షీటు చదివి, ఇచ్చిన మందులు, చేసిన పరీక్షలు ఆ జబ్బుకు తగ్గట్టున్నాయా అని చూడటం ఆమె పని. 2024లో ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, క్యాష్‌లెస్ అనుమతి గంటలోపు, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలని చెప్పింది. అందుకని అక్కడ కూడా రాత్రి షిఫ్టులు ఉంటాయి. నైట్లు తప్పించుకోవాలని అటు పోయేటట్టయితే ముందే అడిగి తెలుసుకో.

ఒక్క సంగతి మనసులో పెట్టుకో. ఈ మూడేళ్లలో నేను ఒక్క పేషెంటు చేయి పట్టుకోలేదు. నాకది సరిపోయింది, ఇంటికొచ్చాక పిలకాయలతో గడపడానికి ఓపిక మిగులుతోంది. నువ్వు నర్సుగానే ఉండాలంటున్నావు కాబట్టి చెప్తున్నా.


చీమకుర్తి సిస్టర్:

పాపా, నీ పోస్టు రాత్రే చదివాను. తాత సంగతి దగ్గర ఆగిపోయాను. 19 రోజులు వెంటిలేటర్ మీద ఉన్న ముసలాయన ఒంటి మీద పుండు పడకుండా చూసుకున్నావంటే అది మామూలు పని కాదు. ఏడుపు రాకపోవడానికి కారణం నీ మనసు కాదమ్మా, నిద్ర లేకపోవడం. నాకూ ఒకప్పుడు అట్టనే అయింది.

ముందు అసలు మాట చెప్పేస్తాను. ఆ ఐసీయూలో నువ్వు కలకాలం ఉండక్కర్లేదు, కానీ వచ్చే నెల రాజీనామా ఇవ్వొద్దు. ఇంకో పది నెలలు. రెండున్నరేళ్లు నిండనివ్వు. ఎందుకో నా బతుకులో జరిగింది చెప్తా.

నేను 2010లో బీఎస్సీ అయిపోగానే ఒంగోలులో ఒక ఆస్పత్రిలో చేరాను. సర్జికల్ వార్డు. ఏడాది పదకొండు నెలలు చేశాను. ఒక నెల జీతంలో కోత పెట్టారని గొడవపడి, నోటీసు కూడా ఇవ్వకుండా మర్నాటి నుంచి పోవడం మానేశాను. అప్పుడు నాకు 23 ఏళ్లు. అంతకు రెండేళ్ల తర్వాత ఒక రెసిడెన్షియల్ స్కూల్లో స్టాఫ్ నర్సు పోస్టు పడింది. క్వార్టర్సు ఇస్తారు, మా అమ్మను కూడా దగ్గర పెట్టుకోవచ్చు. అప్లై చేద్దామని చూస్తే 50 పడకలకు తక్కువ కాని ఆస్పత్రిలో రెండున్నరేళ్ల అనుభవం అడిగారు. ఎట్నో ఒకట్ట అడుగుదామని పాత ఆస్పత్రికి ఐదు తూర్లు తిరిగాను. ఆఖర్న ఇచ్చిన కాగితంలో “మా వద్ద నర్సుగా పనిచేసినది” అని ఒక్క వాక్యం. చేరిన తేదీ లేదు, మానిన తేదీ లేదు, పడకలెన్నో లేదు. అప్లికేషన్ వెనక్కి వచ్చింది. ఇంకో ఏడు నెలలు ఓర్చుకుని, మర్యాదగా నోటీసిచ్చి బయటపడి ఉంటే ఈపాటికి ఆ స్కూల్లో పదేళ్ల సర్వీసు ఉండేది.

ఆ నిబంధన ఇప్పటికీ ఉంది. 2024లో నవోదయ విద్యాలయాల్లో ఫిమేల్ స్టాఫ్ నర్సు పోస్టులకు అడిగింది కూడా అదే, 50 పడకల ఆస్పత్రిలో రెండున్నరేళ్లు. ఆ ఉద్యోగం బేసిక్ 44,900. దేశంలో ఎక్కడైనా వేస్తారు, క్యాంపస్‌లోనే ఉండాలి, అర్ధరాత్రి పిలకాయకు జ్వరమొస్తే లేవాల్సింది నువ్వే. కానీ లేచేది ఒక బిడ్డ కోసం, ఆరు వెంటిలేటర్ల కోసం కాదు. ఎంఎస్సీ నర్సింగ్ చేయాలన్నా ఏడాది అనుభవం అడుగుతారు. నర్సింగ్ కాలేజీలో బీఎస్సీతో ట్యూటరుగా చేరాలన్నా ఏడాది ఉండాలి. ఆ ఏడాది నీకిప్పటికే ఉంది, కాగితం ఒక్కటే చేతికి రావాలి. బయటి తలుపులు చాలావాటికి తాళం చెవి వార్డులోనే ఉంది పాపా. నేను అది తీసుకోకుండా బయటికొచ్చాను.

స్కూలు పోయాక నాకు దొరికింది గ్రానైట్ యూనిట్‌లో ఫస్ట్ ఎయిడ్ రూమ్. ఈ పని గురించి మన నర్సింగ్ పిల్లలకు ఎవరూ చెప్పరు, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

అప్పట్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్‌లో, 500 మందికి పైగా కార్మికులున్న చోట ఆంబులెన్స్ రూమ్, అందులో వైద్య, నర్సింగ్ సిబ్బంది ఉండాలని రాసి ఉండేది. మాది అంత పెద్ద యూనిట్ కాదు. బయటి దేశాలకు రాయి పంపుతారు, కొనేవాళ్లు వచ్చి చూసుకుంటారు కాబట్టి ఒక గది, ఒక మంచం, ఒక నర్సును పెట్టారు. డాక్టరు వారానికి రెండు రోజులు వచ్చేవాడు, మిగతా రోజుల్లో ఫోన్లో దొరికేవాడు. పొద్దున 9 నుంచి సాయంత్రం 6. ఆదివారం సెలవు. మొదటి నెల ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని చాలా భయపడ్డాను. వార్డులో ఏదైనా అయితే పక్కన ఇంకో సిస్టర్ ఉంటుంది, డ్యూటీ డాక్టరు ఉంటాడు. ఇక్కడ వేళ్లు నలిగిన మనిషిని నలుగురు మోసుకొచ్చి నా ముందు పెడితే, ముందు ఏం చేయాలో నేనే నిర్ణయించుకోవాలి. రక్తం ఆపాలి, తెగిన వేలుంటే తడి గుడ్డలో చుట్టి కవర్లో వేసి ఆ కవరును ఐసు మీద పెట్టాలి, బండి పిలవాలి, ఒంగోలులో ఎవరికి చూపించాలో డాక్టరుతో మాట్లాడాలి, రిజిస్టరులో టైముతో సహా రాయాలి. సర్జికల్ వార్డులో చేసిన ఏడాది పదకొండు నెలలు అక్కడ నాకు అన్నం పెట్టాయి.

దెబ్బలు రోజూ తగలవు. రోజూ ఉండే పని వేరే. కంట్లో రాతి నలుసు పడితే కడగడం. మిషన్ల మోతకు చెవులు దెబ్బతింటున్నాయా అని పరీక్ష చేయించడం, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోమని బతిమాలడం. ఎండాకాలంలో ఓఆర్ఎస్ కలిపి మిషన్ల దగ్గరికి మోసుకుపోవడం. కొత్తగా చేరినవాళ్ల బీపీ, చూపు, ఊపిరి పరీక్షలు రాసిపెట్టడం. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువ. వాళ్లతో మాట్లాడాలని హిందీ నేర్చుకున్నాను. అక్కడ నేర్చుకున్న ముఖ్యమైన పాఠం ఒకటుంది. దగ్గుతో వచ్చిన మనిషిని “ఇప్పుడేం పని చేస్తున్నావు” అని అడిగితే సరిపోదు, “అంతకుముందు ఏం చేశావు, ఎన్నేళ్లు చేశావు” అని కూడా అడగాలి.

మీ నెల్లూరు వైపు ఈ పని ఇంకా ఎక్కువ దొరకాలి. కృష్ణపట్నం పోర్టు, ముత్తుకూరు దగ్గర కరెంటు ప్లాంట్లు, దక్షిణాన తడ, మాంబట్టు వైపు బూట్ల ఫ్యాక్టరీలు, శ్రీసిటీ. బూట్ల ఫ్యాక్టరీల్లో పనిచేసేది ఎక్కువ ఆడపిల్లలే. నెలసరి నొప్పి, రక్తహీనత, కడుపుతో ఉన్నవాళ్లు ఎంతసేపు నిలబడాలి, ఇవన్నీ చూసుకోవడానికి అక్కడ నీలాంటి నర్సు ఉండాలి. ఈ ఉద్యోగాలు నర్సుల గ్రూపుల్లో కనపడవు. కంపెనీ హెచ్ఆర్ దగ్గరో, మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టరు దగ్గరో ఉంటాయి. “ఆక్యుపేషనల్ హెల్త్ నర్స్” అని వెతుకు. కంపెనీ నేరుగా తీసుకుంటుందా, కాంట్రాక్టరు తీసుకుంటాడా అన్నది అడుగు. పీఎఫ్, ఈఎస్ఐ సంగతి దాన్ని బట్టే ఉంటుంది.

పెళ్లి, బాబు పుట్టడం, మూడేళ్లు ఇంట్లో. 2020లో ఎమ్మెల్హెచ్‌పీగా చేరాను. ఇప్పుడు సీహెచ్‌ఓ అంటారు, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్. ఊళ్లో మాత్రం నేను సిస్టరమ్మనే. మాకు అప్పట్లో విడిగా ఆరు నెలల ట్రైనింగ్ ఇచ్చారు, తర్వాత దాన్ని బీఎస్సీ సిలబస్‌లోనే కలిపారు. నీ సర్టిఫికెట్‌లో ఆ కోర్సు ఉందో లేదో కాలేజీలో కనుక్కో, నోటిఫికేషన్ పడినప్పుడు అడుగుతారు.

సబ్ సెంటర్ అంటే సుమారు 5 వేల మంది జనం. 30 దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు చూడటం, నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు అనుమానాలు కనిపెట్టడం, మందులివ్వడం, అవసరమైతే ఈ-సంజీవనిలో డాక్టరుకు వీడియో కాల్ కలపడం. నాతో ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు ఉంటారు. నిజంగా చెప్తున్నా, వాళ్లు లేకపోతే నేను ఒక్క ఇంటి తలుపు కూడా తట్టలేను. ఎవరి ఇంట్లో ఎవరికి ఏముందో వాళ్లకే తెలుసు.

రెండేళ్ల కింద ఒకాయన దగ్గుతో వచ్చాడు. 44 ఏళ్లు. అప్పటికే ఒక తూరి టీబీ మందులు ఆరు నెలలు వాడాడు. మళ్లీ ఆయాసం. కళ్లె పరీక్షకు పంపితే టీబీ లేదు. అందరూ బీడీలు తాగుతాడు అని వదిలేశారు. నేను ఫ్యాక్టరీలో నేర్చుకున్న ప్రశ్న అడిగాను. చీమకుర్తి రాక ముందు సైదాపురం వైపు పలుగురాయి పొడి చేసే మిల్లులో ఎనిమిదేళ్లు చేశానన్నాడు. మొహానికి తువ్వాలు తప్ప ఏమీ లేదట. పలుగురాయి అంటే సిలికా. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే అక్కడ మచ్చలు కడతాయి, అవి మళ్లీ పోవు. టీబీ కూడా అట్టాంటివాళ్లకు తేలిగ్గా అంటుకుంటుంది. ఆ సంగతంతా ఒక కాగితం మీద రాసి, దుమ్ము పని వివరాలతో ఒంగోలు పంపాను. ఎక్స్‌రే చూసి సిలికోసిస్ అన్నారు. ఆ జబ్బుకు నయం లేదు. కానీ ఆయన దుమ్ము పని మానేశాడు, ఇప్పుడు ఒక గోడౌన్‌లో కాపలా ఉంటున్నాడు. ఆయనతో పాటు ఆ మిల్లులో చేసిన ఇద్దరు తమ్ముళ్లను కూడా తీసుకొచ్చి చూపించాడు. ఆ రోజు ఇంటికి పోతూ దారి పొడుగునా ఏడ్చాను. దుఃఖమో సంతోషమో నాకు తెలియదు. ఏడుపు మళ్లీ వచ్చింది, అంతే.

ఐసీయూలో మనిషి మన దగ్గరికి ఆఖర్న వస్తాడు. ఇక్కడ నేను ఆయన గడపలోకి పదేళ్ల ముందే పోతున్నా.

జీతం సంగతి దాచను. నెలకు 25 వేలు, పని చూపించినదాన్ని బట్టి 15 వేల దాకా ఇన్సెంటివ్. కాంట్రాక్టు ఉద్యోగం. ఇన్సెంటివ్ ప్రతి నెలా పూర్తిగా వస్తుందని లెక్కేసుకుని అప్పు తీర్చే ప్లాన్ పెట్టుకోవద్దు, 25 వేలే నీ జీతం అనుకో. ఫోన్లో ఎక్కించాల్సిన వివరాలు చాలా ఉంటాయి, కొన్ని రోజులు మనిషితో గడిపిన టైము కంటే ఫోన్‌తో గడిపిన టైమే ఎక్కువ. అది నాకు నచ్చదు, ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్తూనే ఉన్నా. కానీ సాయంత్రం ఇంటికి పోయి బాబుకు నేనే అన్నం పెడతాను.

నీ ఒరిజినల్స్ గురించి. అవి నీవి. వాటిని పట్టుకునే హక్కు ఏ ఆస్పత్రికీ లేదు. రాజీనామా మాట ఎత్తక ముందే, పై చదువుకు కావాలని రాతపూర్వకంగా అడుగు, ఇచ్చిన కాగితం నకలు మీద ముద్ర వేయించుకో. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో ఏముండాలో కూడా రాసుకో. ఆస్పత్రి లెటర్‌హెడ్, చేరిన తేదీ, మానిన తేదీ, నీ హోదా, ఏ విభాగం, ఆస్పత్రి పడకలెన్ని, నీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం కింద పేరు, హోదా, ముద్ర. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకో. పీఎఫ్ కడుతుంటే యూఏఎన్ నంబరు తీసుకో, రేపు ఎవరైనా అనుమానిస్తే అదే సాక్ష్యం.

ఈ పది నెలలూ నైట్లే చేయమనడం లేదు. ఐసీయూ నుంచి డయాలసిస్‌కో, ఇన్ఫెక్షన్ కంట్రోల్‌కో, క్వాలిటీ విభాగానికో మార్చమని అడుగు. అదే ఆస్పత్రి, అదే సర్వీసు, నిద్ర మాత్రం దొరుకుతుంది. ఒప్పుకోకపోతే 50 పడకలకు తక్కువ కాని ఇంకో చోటికి మారు, ఇక్కడి కాగితం చేతిలో పడ్డాకే.


ఒంగోలు అమ్మాయి, హైదరాబాద్:

చీమకుర్తి సిస్టర్ గారు చెప్పినదానికి తోడుగా ఒక దారి. నేను క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌ని, నాలుగేళ్లయింది. ఉండేది ఆస్పత్రి భవనంలోనే, కానీ వార్డు డ్యూటీ ఉండదు.

కొత్త మందును మనుషుల మీద పరీక్షించేటప్పుడు డాక్టరు పక్కన ఉండి అన్నీ చూసుకునేది మేము. ఎవరు అర్హులో చూడటం, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి సమ్మతి తీసుకోవడం, చెప్పిన తేదీకి రప్పించడం, రక్తం నమూనాలు, ప్రతి అంకె కాగితం మీద రాయడం. ఎవరికైనా తీవ్రమైన హాని జరిగితే 24 గంటల్లో డాక్టరు రిపోర్టు పంపాలి, దానికి వివరాలన్నీ మేమే సిద్ధం చేస్తాం. 2019లో వచ్చిన క్లినికల్ ట్రయల్స్ నియమాలు, జీసీపీ (ట్రయల్స్ సరిగ్గా ఎలా నడపాలో చెప్పే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్) ట్రైనింగ్, ఈ రెండూ చదవాలి.

నర్సుకు ఇక్కడ ఉన్న బలం ఏమిటంటే, పేషెంటుతో మాట్లాడటం. మా దగ్గరికి గిద్దలూరు అవతల నుంచి ఒకామె వచ్చింది, చదువు రాదు. వేలిముద్ర వేసేవాళ్లకు సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి, వాళ్ల ఎదుట కాగితమంతా చదివి వినిపించాలి. తెలుగు పత్రంలో “యాదృచ్ఛికంగా కేటాయించబడుదురు” అని ఉంది. ఆమెకు ఏం తెలుస్తుంది? “చీటీలు వేసినట్టు అమ్మా, కొందరికి కొత్త మందు, కొందరికి పాత మందు, ఏది వస్తుందో డాక్టరుకూ తెలియదు” అన్నాను. ఆమె ఆలోచించి, నాకు వద్దు తల్లీ అంది. సరేనని పాత మందులతోనే పంపించాం. ఒప్పించడం నా పని కాదు, ఆమెకు అర్థమయ్యేలా చూడటం నా పని. ఆ రోజు నేను మంచి పని చేశానని అనుకుంటున్నాను.

నేను 20 వేలకు చేరాను, ఇప్పుడు 38 వేలు. మొదట కంపెనీలు సైట్ అనుభవం, అంటే ట్రయల్స్ జరిగే చోట పనిచేసిన అనుభవం అడుగుతాయి, అందుకని పెద్ద ఆస్పత్రుల్లో ట్రయల్స్ చేసే డాక్టర్ల దగ్గర సహాయకురాలిగా చేరడం తేలిక. నెల్లూరులో కూడా క్యాన్సరు, గుండె, షుగరు డాక్టర్లను అడిగి చూడండి. మీ ఐసీయూ అనుభవం చూస్తే వద్దనరు.


బుచ్చి నర్సు:

అన్నా, అక్కా, మేడం, అందరికీ చాలా థాంక్స్. చీమకుర్తి సిస్టర్ గారూ, మీ మెసేజ్ మా నాయనకు చదివి వినిపించాను. ఆయన అంతా విని, “పది నెలలేగా, పొద్దున బస్టాండ్‌కు నేనొస్తాలే బండేసుకుని” అన్నాడు. ఇక బస్సులో నిద్రపోయే పని లేదు.

ఈ రోజు మూడు పనులు చేశాను. ఒరిజినల్స్ కావాలని రాసిచ్చి నకలు మీద ముద్ర వేయించుకున్నాను, వారంలో ఇస్తామన్నారు. నర్సింగ్ సూపరింటెండెంట్ గారిని విభాగం మార్చమని అడిగాను, డయాలసిస్‌లో ఒకరు మానేస్తున్నారు, చూస్తానన్నారు. మూడోది, పడకల సంగతి. రిసెప్షన్ వెనక గోడకు ఆస్పత్రి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది. ఏడాది ఎనిమిది నెలలుగా దాని ముందు నుంచే లోపలికి పోతున్నా, ఒక్క తూరి కూడా చదవలేదు. 80 పడకలు అని ఉంది. ఫొటో తీసుకున్నాను.

మేడం, ఒక్కటి అడగొచ్చా? వచ్చే వారం నాకు రెండు రోజులు ఆఫ్ ఉంది. మీ సబ్ సెంటర్‌కు వచ్చి ఒక రోజు మీతో తిరగొచ్చా? ఫ్యాక్టరీనా, ఊరా అన్నది చూస్తే గానీ నాకు తెలియదు.


చీమకుర్తి సిస్టర్:

తప్పకుండా రా పాపా. బుధవారం, శనివారం వద్దు, టీకాల రోజులు, పిలకాయల ఏడుపుల్లో మనం మాట్లాడుకోలేం. గురువారం రా. ఆ రోజు ఆశా అమ్మాయితో కలిసి ఇంటింటికీ బీపీ చూడటానికి పోతాం, నువ్వూ మిషన్ పట్టుకుందువు గానీ. రైల్లో ఒంగోలులో దిగి, కర్నూలు రోడ్డు మీద పోయే బస్సెక్కి చీమకుర్తిలో దిగు. అక్కడి నుంచి నేను వచ్చి తీసుకుపోతా. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. నైట్ డ్యూటీ దిగి నేరుగా మాత్రం రావద్దు, బుధవారం రాత్రి ఇంట్లో పడుకుని రా.